రాబర్ట్ నోయిస్

రాబర్ట్ నార్టన్ నోయిస్ (డిసెంబర్ 12, 1927 - జూన్ 3, 1990) అమెరికా దేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఒకే సిలికాన్ పలకపై అనేక ట్రాన్సిస్టర్లను, వాటిని ఒకదానితో ఒకటి కలిపే లోహపు తీగలను కూడా ముద్రణ వంటి పద్ధతిలో నిర్మించవచ్చునని 1959లో ప్రతిపాదించి, నేటి కంప్యూటర్ చిప్‌ల నిర్మాణానికి పునాది వేసినవాడు. ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ (1957), ఇంటెల్ (1968) సంస్థల స్థాపకులలో ఒకడు. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ ఆవిష్కర్తలుగా జాక్ కిల్బీతో పాటు నోయిస్ పేరును కూడా చెప్పడం ఆనవాయితీ. కిల్బీకి 2000లో నోబెల్ బహుమతి లభించింది కాని, నోయిస్ అప్పటికి పదేళ్ళ క్రితమే మరణించాడు. మరణించినవారికి ఆ బహుమతి ఇవ్వరు.

బాల్యం, విద్యాభ్యాసం

నోయిస్ అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో జన్మించాడు. తండ్రి రాల్ఫ్ నోయిస్ క్రైస్తవ మతాచార్యుడు. తల్లి హేరియట్ నార్టన్. నలుగురు కొడుకులలో ఇతడు మూడవవాడు. తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబం ఊళ్ళు మారుతూ చివరికి గ్రిన్నెల్ అనే చిన్న పట్టణంలో స్థిరపడింది. పన్నెండేళ్ళ వయసులో అన్నతో కలిసి మనిషి కూర్చోగలిగేంత గ్లైడర్‌ను తయారుచేసి, గ్రిన్నెల్ కళాశాల గుర్రపుశాల కప్పు మీదనుండి దానితో దూకి ఎగరడానికి ప్రయత్నించాడు.

గ్రిన్నెల్ కళాశాలలోనే భౌతిక, గణిత శాస్త్రాలు అభ్యసించాడు. 1948లో విద్యార్థుల విందు కోసం పట్టణ మేయరు పొలంనుండి ఒక పందిపిల్లను దొంగిలించి పట్టుబడ్డాడు. వ్యవసాయమే ఆధారమైన అయోవాలో పశువుల దొంగతనం జైలుశిక్ష పడదగిన నేరం. భౌతికశాస్త్ర ఆచార్యుడు గ్రాంట్ గేల్, కళాశాల అధ్యక్షుడు కల్పించుకోవడంతో ఒక సెమిస్టరు బహిష్కరణతో ఆ గండం గడిచింది. ఆ కాలాన్ని న్యూయార్క్‌లో ఒక జీవిత బీమా సంస్థలో పనిచేస్తూ గడిపి, తిరిగి వచ్చి 1949లో పట్టా పుచ్చుకున్నాడు.

గేల్ సహాయం అంతటితో ఆగలేదు. బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్‌ను కనిపెట్టిన ముగ్గురిలో ఒకడైన జాన్ బార్డీన్‌తో గేల్‌కు పరిచయం ఉండేది. బెల్ ప్రయోగశాల అధ్యక్షుడు ఆలివర్ బక్లీ గ్రిన్నెల్ పూర్వ విద్యార్థి. ఈ పరిచయాల వల్ల, పెద్ద విశ్వవిద్యాలయాలలోనే ట్రాన్సిస్టర్ గురించి సరిగా తెలియని రోజుల్లో, మొక్కజొన్న చేల మధ్యనున్న ఈ చిన్న కళాశాలలో దానిపై పాఠాలు జరిగాయి. తరువాత నోయిస్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి 1953లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. పరిశోధనాంశం విద్యుద్బంధకాల ఉపరితల స్థితులు. ఉపరితలం మీద ఏమి జరుగుతుందన్న ప్రశ్నే ఆ తరువాతి పరిశ్రమకంతటికీ కీలకమైంది.

షాక్లీ ప్రయోగశాల

మూడేళ్ళు ఫిలడెల్ఫియాలోని ఫిల్కో సంస్థలో ట్రాన్సిస్టర్లపై పనిచేసిన తరువాత, 1956లో విలియం షాక్లీ పిలుపునందుకొని కాలిఫోర్నియా వెళ్ళాడు. ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తలలో ఒకడైన షాక్లీ ఆ ఏడాదే మౌంటెన్ వ్యూలో స్వంత ప్రయోగశాల ప్రారంభించాడు; నోబెల్ బహుమతి కూడా ఆ ఏడాదే వచ్చింది.

అదే సంవత్సరం ఆగస్టులో నోయిస్ ఒక కొత్తరకం డయోడు గురించి తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. వోల్టేజి పెంచితే కరెంటు తగ్గే ఋణ నిరోధం దీని లక్షణం. షాక్లీ ఆసక్తి చూపకపోవడంతో నోయిస్ ఆ పని వదిలేసాడు. కొద్దికాలానికే జపాన్‌లో లియో ఎసాకి స్వతంత్రంగా అటువంటి టనెల్ డయోడును తయారుచేసి 1973లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

షాక్లీ మేధావి అయినా అనుమానం ఎక్కువ. సహోద్యోగులను అబద్ధ పరీక్షలకు కూడా సిద్ధపడమన్నాడు. సిలికాన్ ట్రాన్సిస్టర్లను పక్కనబెట్టి తన స్వంత ఆలోచన అయిన నాలుగు పొరల డయోడు మీద పట్టుబట్టాడు. 1957లో ఎనిమిదిమంది ఒకేసారి రాజీనామా చేసారు: గోర్డన్ మూర్, జీన్ హోర్ని, జే లాస్ట్, యూజీన్ క్లైనర్, విక్టర్ గ్రినిచ్, జూలియస్ బ్లాంక్, షెల్డన్ రాబర్ట్స్, నోయిస్. వీరికి 'ద్రోహులైన ఎనిమిది మంది' అనే పేరు స్థిరపడిపోయింది. నోయిస్ చివరిగా చేరినవాడు. నాయకుడు లేక తటపటాయిస్తున్న మిగతా ఏడుగురికి ధైర్యం ఇచ్చినది అతడి రాకేనని చెప్పవచ్చు.

ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్

న్యూయార్క్ పెట్టుబడి సంస్థ ఉద్యోగి ఆర్థర్ రాక్ సహాయంతో, షెర్మన్ ఫెయిర్‌చైల్డ్‌కు చెందిన కెమెరా, విమాన పరికరాల కంపెనీ వీరికి 13.8 లక్షల డాలర్లు సమకూర్చింది. ఎనిమిదిమందీ తలా 500 డాలర్లు వేసుకున్నారు. సంస్థ మొత్తాన్ని 30 లక్షల డాలర్లకు కొనుక్కునే హక్కు మాతృసంస్థకు ఉండగా, 1959లో అది ఆ హక్కును వినియోగించుకుంది. మొదటి గిరాకీ ఐబీఎం నుండి వచ్చింది: ఒక బాంబర్ విమానపు కంప్యూటర్ కోసం ఒక్కొక్కటి 150 డాలర్ల చొప్పున వంద సిలికాన్ ట్రాన్సిస్టర్లు.

ఆనాటి ట్రాన్సిస్టర్లను 'మేసా' అనేవారు. సిలికాన్ మీద చిన్న గుట్టలాగా ఉండే వీటి అంచులలో సున్నితమైన సంధి బయటికే కనిపించేది. డబ్బాలోపల చిక్కుకున్న ఒక్క లోహపు రేణువు దానికి తగిలినా ట్రాన్సిస్టర్ చెడిపోయేది. తనిఖీ చేసేవారు ఒక్కొక్కదాన్నీ పెన్సిలుతో తట్టి చూసేవారు. తట్టగానే పనిచేయడం మానేసినవాటిని పారవేసేవారు. మినిట్‌మన్ క్షిపణి వంటి పథకాలకు ఇటువంటి సరుకు పనికిరాదు.

దీనికి పరిష్కారం హోర్ని చూపించాడు. తయారీలో సిలికాన్ మీద ఏర్పడే సిలికాన్ డయాక్సైడు పొరను మురికిగా భావించి కడిగివేయడం అప్పటి అలవాటు. హోర్ని ఆ పొరను ఉంచేసి, సంధులన్నీ దానికిందే ఏర్పడేటట్లు చేసాడు. గాజువంటి ఆ పొర ట్రాన్సిస్టర్‌ను ధూళినుండి, తేమనుండి కాపాడుతుంది. గుట్ట పోయి చదునైన తలం మిగిలింది. దీనినే ప్లేనార్ ప్రక్రియ అంటారు.

తీగల సమస్య

1950ల చివరికి ఇంజనీర్లను వేధించిన సమస్య ట్రాన్సిస్టర్ కాదు, వాటి మధ్యనుండే తీగలు. వేలకొద్దీ ట్రాన్సిస్టర్లు, నిరోధకాలు ఉండే యంత్రానికి అంతకు ఎన్నో రెట్లు అతుకులు కావాలి. ప్రతి అతుకూ చేతితో వేయవలసినదే. ఒక్కటి ఊడినా యంత్రం ఆగిపోతుంది. విచిత్రమేమిటంటే, ఒకే సిలికాన్ పలకమీద వందలకొద్దీ ట్రాన్సిస్టర్లను చక్కగా పక్కపక్కనే తయారుచేసి, ఆపైన వాటిని ముక్కలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద కార్మికస్త్రీలు ఒక్కొక్కదానికీ తీగలు అతికిన తరువాత, కొన్నవారు వాటినే మళ్ళీ ఒకచోట చేర్చి కలిపేవారు.

ప్లేనార్ ప్రక్రియకు పేటెంటు దరఖాస్తు తయారుచేస్తున్న న్యాయవాది, ఈ పద్ధతితో ఇంకేమేమి చేయవచ్చునో కూడా చెప్పమని అడిగాడు. నోయిస్ ఆలోచన అక్కడ మొదలయ్యింది. ఆక్సైడు పొర విద్యుత్తును ప్రవహింపనీయదు కాబట్టి దానిమీద అల్యూమినియం తీగలను నేరుగా పరచవచ్చు. అవసరమైనచోట మాత్రం పొరలో చిన్న కిటికీలు తెరిస్తే అల్యూమినియం సిలికాన్‌ను తాకుతుంది. ట్రాన్సిస్టర్లను కోయనక్కరలేదు, తీగలను చేత్తో అతకనక్కరలేదు. 1959 జనవరి 23న ఈ ఆలోచనను నోటుపుస్తకంలో రాసాడు. జూలై 30న పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1961 ఏప్రిల్ 25న 2,981,877 సంఖ్యతో అది మంజూరయ్యింది. ఆ పేటెంటు పేరులోనే పరికరంతో పాటు తీగల ప్రస్తావన ఉండడం గమనించదగినది.

ఊహను వస్తువుగా మార్చినవారు వేరు. ఒకే పలకమీదనున్న ట్రాన్సిస్టర్ల మధ్య సిలికాన్ గుండానే కరెంటు పారకుండా ఆపడం కష్టమైన పని. జే లాస్ట్ నాయకత్వంలోని బృందం 1960లో రెండు పద్ధతులు ప్రయత్నించి, సెప్టెంబరులో విలోమ సంధులతో వేరుచేసే పద్ధతిని సాధించింది. స్ప్రేగ్ సంస్థకు చెందిన కర్ట్ లెహోవెక్‌కు ఇటువంటి సంధులపై పేటెంటు ఉంది. అందువల్ల ఈ ఆవిష్కరణను ఒకరిద్దరి పేరున రాయడం పూర్తిగా న్యాయం కాదు. ఫెయిర్‌చైల్డ్‌లోనే కొందరు దీనిని డబ్బు దండుగ వ్యవహారంగా భావించారు. లాస్ట్, హోర్ని 1961లో సంస్థను వదిలిపోయారు. అదే ఏడాది 'మైక్రోలాజిక్' పేరుతో ఈ చిప్‌లు మార్కెట్టులోకి వచ్చాయి. చంద్రయాత్రకు వెళ్ళిన అపోలో నౌకల కంప్యూటర్ ఇటువంటి చిప్‌లతోనే తయారయింది.

కిల్బీతో వివాదం

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ 1958 సెప్టెంబర్ 12నే ఒక జెర్మేనియం ముక్కపై పూర్తి సర్క్యూట్‌ను పనిచేయించి చూపాడు. ఒకే పదార్థంతో అన్ని భాగాలూ చేయవచ్చుననే భావనలో కిల్బీయే ముందు. అయితే అతడి నమూనాలో భాగాలను కలిపినవి చేతితో అతికిన బంగారు తీగలు. అవి గాలిలో వేలాడుతుండేవి. వందల సంఖ్యలో భాగాలుంటే ఆ పద్ధతి సాగదు. కిల్బీ దరఖాస్తు 1959 ఫిబ్రవరిలో దాఖలయ్యింది కాని పేటెంటు 1964లో వచ్చింది. నోయిస్‌కు ముందుగా రావడంతో వివాదం మొదలయ్యింది.

తీగలు ఆక్సైడును అంటిపెట్టుకొని ఉండాలన్న సంగతి కిల్బీ దరఖాస్తులోని మాటలలో ఉన్నదా లేదా అన్నదే వాదనకు మూలం. 1967లో పేటెంటు మండలి కిల్బీ పక్షాన తీర్పు చెప్పింది. 1969లో అప్పీలు న్యాయస్థానం దానిని తిరగవేసి నోయిస్‌కు అనుకూలంగా నిర్ణయించింది. 1970లో సుప్రీం కోర్టు జోక్యానికి నిరాకరించింది. ఈలోగా 1966లోనే రెండు సంస్థలూ ఒకరి హక్కులను మరొకరు గుర్తిస్తూ ఒప్పందం చేసుకున్నాయి కాబట్టి తీర్పు ప్రభావం వ్యాపారంపై పెద్దగా పడలేదు. న్యాయవాదుల యుద్ధం ఎలా సాగినా, కిల్బీ, నోయిస్ ఒకరినొకరు గౌరవించుకున్నారు.

ఇంటెల్

1960ల మధ్యలో నోయిస్ చిప్‌ల ధరను తయారీ ఖర్చు కంటే తక్కువకు, సుమారు ఒక డాలరుకు తగ్గించాడు. అమ్మకాలు పెరిగితే ఖర్చు దానంతటదే దిగివస్తుందని అతడి లెక్క. అది నిజమయింది. అయితే లాభాలు తూర్పు తీరంలోని మాతృసంస్థకు పోతుండడం, అధికారులు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం, 1968లో మాతృసంస్థ అధిపతి పదవికి తనను కాదని ఇతరుల కోసం వెతకడం నోయిస్‌కు విసుగు తెప్పించాయి. ఆ ఏడాది జూలైలో మూర్‌తో కలిసి ఇంటెల్‌ను స్థాపించాడు. ఆర్థర్ రాక్ 25 లక్షల డాలర్లు సేకరించాడు. నోయిస్ ధర్మకర్తగా ఉన్న గ్రిన్నెల్ కళాశాల తరఫున మూడు లక్షల డాలర్లు పెట్టుబడిగా వచ్చాయి. పందిపిల్ల సంగతి అప్పటికి అందరూ మరచిపోయినట్లే.

కంప్యూటర్లలో వాడుతున్న అయస్కాంత మెమరీని సిలికాన్‌తో తొలగించడం కొత్త సంస్థ లక్ష్యం. 1970లో వచ్చిన 1103 చిప్‌లో 1,024 బిట్లు ఉండేవి. అది ఆ పని మొదలుపెట్టింది. ఇదే సమయంలో జపాన్‌కు చెందిన బిజికాం కంపెనీ కాలిక్యులేటర్ల కోసం అనేక ప్రత్యేక చిప్‌లు అడిగింది. వాటి బదులు ప్రోగ్రాములతో నడిచే ఒకే సాధారణ చిప్ చేయవచ్చునని టెడ్ హాఫ్ సూచించగా, వనరులు తక్కువగా ఉన్నా నోయిస్ ప్రోత్సహించాడు. ఫెడెరికో ఫాజిన్, స్టాన్ మేజర్, మసతోషి షిమా దానికి రూపమిచ్చారు. 1971 నవంబరులో విడుదలైన ఆ 4004 మైక్రోప్రాసెసర్‌లో 2,300 ట్రాన్సిస్టర్లు, పది మైక్రాన్ల వెడల్పు గీతలు ఉండేవి.

నోయిస్ 1975 వరకు ఇంటెల్ అధ్యక్షుడుగా, ఆ తరువాత 1979 వరకు బోర్డు చైర్మన్‌గా ఉన్నాడు. ప్రత్యేక గదులు, ప్రత్యేక పార్కింగు లేని ఆఫీసును అలవాటు చేసినది ఇతడే. ఎవరినీ నొప్పించలేని స్వభావం అతడి బలమూ, బలహీనతా కూడా. కఠిన నిర్ణయాలను వాయిదా వేస్తాడని ఆండీ గ్రోవ్ అసంతృప్తిగా ఉండేవాడు. కార్మిక సంఘాల విషయంలో మాత్రం మెత్తదనం లేదు. అవి వస్తే ఈ పరిశ్రమ నిలవదని నమ్మి గట్టిగా వ్యతిరేకించాడు. చిప్‌లకు తీగలు అతికే పనిని ఫెయిర్‌చైల్డ్ 1960లలోనే హాంగ్‌కాంగ్ వంటి తక్కువ వేతనాల ప్రాంతాలకు తరలించింది.

చిన్నదవుతున్న ట్రాన్సిస్టర్

చిప్‌లో ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటా రెట్టింపవుతుందని మూర్ 1965లో ఒక వ్యాసంలో అంచనా వేసి, 1975లో దానిని రెండేళ్ళకు సవరించాడు. ఇది సాధ్యం కావడానికి నోయిస్ పద్ధతే కారణం. గీతలన్నీ కాంతి సహాయంతో ఒకేసారి ముద్రించినవి కాబట్టి, గీత వెడల్పును సగం చేస్తే అదే స్థలంలో నాలుగు రెట్లు ట్రాన్సిస్టర్లు పడతాయి, ముద్రించే శ్రమ మాత్రం దాదాపు అంతే. చిప్ వైశాల్యాన్ని పెంచి అదే ఫలితం పొందడం కుదరదు. పలకపై అక్కడక్కడా లోపాలు తప్పవు. చిప్ పెద్దదయినకొద్దీ దానిలో ఒక లోపమైనా పడే అవకాశం పెరుగుతుంది. కొలతలతో పాటు వోల్టేజి కూడా తగ్గిస్తే వేడి పెరగదని ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం 1974లో చూపించింది.

ఈ దారి ఎల్లకాలమూ సుగమంగా లేదు. ద్వారం కింది ఆక్సైడు పొర కొద్ది పరమాణువుల మందానికి చేరగా కరెంటు దాని గుండా కారిపోసాగింది. ఎసాకి డయోడును పనిచేయించిన టనెలింగ్ ధర్మమే ఇక్కడ శత్రువయింది. 2005 ప్రాంతానికి వోల్టేజి తగ్గించడం ఆగిపోయి, ప్రాసెసర్ల వేగం పెరుగుదల మందగించింది. 2007లో ఇంటెల్ ఆ పొర స్థానంలో హాఫ్నియం సమ్మేళనాన్ని వాడింది. నోయిస్ ఎంచుకున్న అల్యూమినియం తీగల స్థానంలో రాగిని వాడే పద్ధతిని ఐబీఎం 1997లో ప్రకటించింది. ఆ రాగి తీగలు కూడా సన్నబడినకొద్దీ నిరోధం విపరీతంగా పెరుగుతున్నది. అందుచేత విద్యుత్తును చిప్ వెనుకవైపునుండి అందించే పద్ధతులు ప్రవేశించాయి. 1959లో నోయిస్ పరిష్కరించిన తీగల సమస్య, నానోమీటర్ల స్థాయిలో మరోమారు ఎదురయిందన్న మాట.

సెమాటెక్

1980లో హ్యూలెట్-పాకార్డ్ సంస్థ జరిపిన పరీక్షలలో జపాన్ మెమరీ చిప్‌లు అమెరికా చిప్‌లకంటే ఎంతో తక్కువగా చెడిపోతున్నాయని తేలింది. 1985లో ఇంటెల్ తాను మార్కెట్టులో నిలబెట్టిన డీ-రామ్ మెమరీ వ్యాపారాన్నే వదులుకుంది. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. సిలికాన్‌పై గీతలు ముద్రించే యంత్రాల రంగంలో నికాన్, కానన్ సంస్థలు అమెరికా తయారీదారులను వెనక్కి నెట్టాయి. యంత్రం ఎవరిదో ట్రాన్సిస్టర్ ఎంత చిన్నదో నిర్ణయించేది వారే.

ప్రభుత్వ జోక్యం లేని పోటీని జీవితమంతా నమ్మిన నోయిస్, ఇప్పుడు వాషింగ్టన్‌లో ప్రభుత్వ సహాయం కోసం తిరిగాడు. ఈ మార్పును విమర్శించినవారు పరిశ్రమలోనే ఉన్నారు. 1987లో 14 కంపెనీలు కలిసి సెమాటెక్ సంస్థను స్థాపించగా, ప్రభుత్వం ఏటా పది కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. టెక్సాస్‌లోని ఆస్టిన్ దాని కేంద్రం. అధిపతి పదవికి తగినవారు ఎంతకూ దొరకక, చివరకు 1988లో అరవయ్యేళ్ళ నోయిస్ స్వయంగా ఆ బాధ్యత తీసుకొని ఆస్టిన్‌కు మారాడు.

పోటీదారులైన కంపెనీలు తమ రహస్యాలను ఒకరితో ఒకరు పంచుకోవడానికి ఇష్టపడలేదు. అందువల్ల సెమాటెక్ దృష్టి చిప్‌ల తయారీనుండి, అందరికీ అవసరమైన యంత్రాల తయారీదారులను బలపరచడం వైపు మళ్ళింది. నోయిస్ ప్రోత్సాహం పొందిన జీసీఏ అనే ముద్రణ యంత్రాల సంస్థ కోలుకోలేక 1993లో మూతపడింది. పర్కిన్-ఎల్మర్ ముద్రణ విభాగం 1990లో మరో అమెరికా సంస్థ చేతికి వెళ్ళి, 2001లో నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్ఎంఎల్‌లో కలిసిపోయింది. అత్యంత సూక్ష్మమైన చిప్‌లకు అవసరమైన 13.5 నానోమీటర్ల కాంతి యంత్రాలను తయారుచేస్తున్నది ఆ ఏఎస్ఎంఎల్ ఒక్కటే. కాబట్టి సెమాటెక్ విజయమా, వైఫల్యమా అన్నది సులువుగా తేలే విషయం కాదు. 0.35 మైక్రాన్ల గీతలు సాధించాలన్న లక్ష్యం 1993లో నెరవేరింది. 1996 తరువాత ఆ సంస్థ ప్రభుత్వ ధనాన్ని తీసుకోలేదు. ఇవేవీ చూడడానికి నోయిస్ లేడు. 1990 జూన్ 3, ఆదివారం ఉదయం ఆస్టిన్‌లోని ఇంట్లో ఈత కొట్టిన తరువాత గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయసు 62 సంవత్సరాలు.

వ్యక్తిగత జీవితం, గౌరవాలు

1953లో ఎలిజబెత్ బాటమ్లీని వివాహమాడాడు. వారికి నలుగురు సంతానం. 1974లో విడాకులు పొంది, 1975లో ఇంటెల్ సిబ్బంది విభాగాధిపతి ఆన్ బవర్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. విమానం నడపడం, ఈత అతడికి ఇష్టమైన వ్యాపకాలు. ఆపిల్ సంస్థ స్థాపకుడు స్టీవ్ జాబ్స్ యువకుడుగా ఉన్నప్పుడు సలహాల కోసం తరచు ఇతడి వద్దకు వచ్చేవాడు.

అమెరికా ప్రభుత్వం 1979 సంవత్సరానికి జాతీయ విజ్ఞాన పతకాన్ని, 1987లో జాతీయ సాంకేతిక పతకాన్ని ఇచ్చింది. 1989 సంవత్సరపు చార్లెస్ స్టార్క్ డ్రేపర్ బహుమతిని కిల్బీతో కలిసి అందుకున్నాడు. శాంటా క్లారాలోని ఇంటెల్ ప్రధాన కార్యాలయ భవనానికి ఇతడి పేరు పెట్టారు. కుటుంబ సభ్యులు నెలకొల్పిన నోయిస్ ఫౌండేషన్ పాఠశాలల్లో గణిత, విజ్ఞాన బోధనకు సహాయపడుతూ 2015లో కార్యకలాపాలు ముగించింది. విజ్ఞాన, గణిత ఉపాధ్యాయులు కాదలచిన విద్యార్థుల కోసం 2002లో అమెరికా చట్టసభ ఇతడి పేరుతో ఒక ఉపకార వేతనాల పథకాన్ని ఏర్పాటుచేసింది.